మునిగిన జలాంతర్గామిలో ప్లేగు బతికుంటుందా?

ఓడల థ్రిల్లర్లు చదివే అలవాటున్నవాళ్లకి ఈ సన్నివేశం కంఠతా వచ్చు. 1945లో, జపాన్ ఓడిపోబోతున్న రోజుల్లో, ఒక జలాంతర్గామి ఎవరికీ చెప్పకూడని సరుకు వేసుకుని అమెరికా వైపు బయల్దేరుతుంది. నడిసంద్రంలో టార్పెడో తగిలి మునుగుతుంది. అరవయ్యేళ్లు గడుస్తాయి. డైవర్లు దిగుతారు. పీతలు పాకుతున్న ఇనప గదిలో పింగాణీ బాంబులు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్క చోటు మాత్రం ఖాళీ. ఎవరో ముందే వచ్చి ఎత్తుకుపోయారన్నమాట. ఇక అక్కణ్ణించి చివరి పేజీ దాకా పరుగే.

నాకీ బాపతు కథలంటే ప్రాణం. ఇందులో ఎంత జరిగిందో చూద్దామని ఒకసారి చరిత్ర తిరగేస్తే లెక్క తలకిందులైంది. చదువుతున్నప్పుడు ‘మరీ ఇంతా!’ అనిపించేవన్నీ నిజంగా ఉన్నాయి: విమానాల్ని కడుపులో దాచుకున్న జలాంతర్గామి, పింగాణీ బాంబులు, కాలిఫోర్నియా మీద ప్లేగు చల్లే పథకం. మనం ఆలోచించకుండా ఒప్పేసుకునే ఒక్క ముక్క మాత్రం నిలబడదు. సముద్రం అడుగున ఆ రోగం అన్నేళ్లూ బతికే ఉందన్న ముక్క.

ముందు జలాంతర్గామి సంగతి. జపాన్ నౌకాదళం కట్టిన ఐ-400 తరగతి జలాంతర్గాములు ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దవి. పొడవు 122 మీటర్లు. నీళ్లలో మునిగినప్పుడు 6,500 టన్నుల పైచిలుకు బరువు. ఒకసారి ఇంధనం నింపితే 37,500 నాటికల్ మైళ్లు పోగలవు, అంటే భూమిని ఒకటిన్నర సార్లకు పైగానే చుట్టి రావచ్చు. పైభాగాన నీరు చొరబడని గొట్టంలాంటి షెడ్డు, అందులో రెక్కలు మడిచి పెట్టిన మూడు సెయిరన్ బాంబర్లు. రాత్రిపూట పైకి తేలి, షెడ్డు తెరిచి, నిమిషాల్లో విమానాల్ని గాల్లోకి విసిరి మళ్లీ మునిగిపోవాలన్నది ఎత్తు. పద్దెనిమిది కడదామనుకున్నారు, పూర్తయినవి మూడే. మొదట పనామా కాలువ గేట్లు పగలగొడదామనుకున్నారు. తర్వాత ఉలిథి దీవి దగ్గర లంగరేసిన అమెరికా విమానవాహక నౌకల మీదికి మళ్లించారు. దారిలో ఉండగానే చక్రవర్తి లొంగుబాటు ప్రకటన వచ్చింది. ఉన్న విమానాల్ని వాడకుండానే సముద్రంలోకి తోసేశారు. ఐ-401లో ఉన్న దళాధిపతి అరిజుమి పిస్తోలుతో కాల్చుకుని చనిపోయాడు.

తర్వాత అమెరికా వాళ్లు రెండింటిని హవాయికి తీసుకెళ్లి అణువణువూ పరీక్షించారు. మమ్మల్నీ చూడనివ్వండని సోవియట్లు పట్టుబట్టేసరికి, 1946 మే, జూన్ నెలల్లో ఒవాహు దీవి దగ్గర తామే టార్పెడోలు వేసి ముంచేశారు. ఐ-401 శకలం 2005లోనూ, ఐ-400 శకలం 2013లోనూ హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులకు దొరికాయి, రెండోది 700 మీటర్ల లోతున. అంటే నిజ జీవితంలో ఆ జలాంతర్గాములు మునిగింది రహస్య యాత్రలో కాదు. శత్రువు చేతుల్లో, తనిఖీలన్నీ అయ్యాక, మూడో దేశానికి దక్కకూడదని మునిగాయి. కథకుడికి పనికొచ్చే దెయ్యం ఏదీ లోపల మిగలలేదు.

ఇక సరుకు సంగతి. జపాన్ ఆక్రమించిన చైనా ఈశాన్య ప్రాంతం మంచూరియాలో, హార్బిన్ నగరానికి దగ్గర్లోని పింగ్‌ఫాంగ్‌లో, అక్కడి జపాన్ సేన అయిన క్వాంటుంగ్ సైన్యానికి ఒక విభాగం ఉండేది. కాగితాల మీద దాని పేరు ‘అంటువ్యాధుల నివారణ, నీటి శుద్ధి విభాగం’. లోకానికి తెలిసింది యూనిట్ 731గా. అధిపతి షిరో ఇషీ అనే సైనిక వైద్యుడు. ఖైదీల మీద, ఎక్కువగా చైనీయుల మీద, ప్లేగు, ఆంత్రాక్స్, కలరాలతో ప్రయోగాలు చేశారు. ఆ ఖైదీలను ‘మరుత’ అనేవాళ్లు. ఆ జపనీస్ మాటకు అర్థం దుంగ. ప్రాణంతో బయటపడ్డ దుంగ లేదు. అక్కడే కనీసం 3,000 మందిని చంపారని అంచనా.

పింగాణీ బాంబులు వీళ్ల సృష్టే. ఇనప బాంబు పేలినప్పుడు పుట్టే వేడికి లోపలి క్రిములే ముందు చస్తాయి. మట్టితో చేసిన గుల్ల అయితే చిన్న దెబ్బకు పగులుతుంది. కానీ చైనా మీద నిజంగా చావులు తెచ్చింది బాంబుల కంటే మోటు పద్ధతి. ఎలుకల బొచ్చులో బతికే రెక్కల్లేని చిన్న ఈగలుంటాయి, ప్లేగును మోసేవి అవే. వాటికి రోగం అంటించి, ధాన్యంతో కలిపి, విమానం నుంచి ఊళ్ల మీద చల్లారు. 1940 అక్టోబరులో నింగ్బో మీద ఇలా చల్లినప్పుడు వంద మందికి పైగా చనిపోయారు. రోగం ఆగడానికి ఆ పేటనే తగలబెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడు నవంబరులో చాంగ్‌డే నగరం వంతు.

ఈ రెంటినీ, జలాంతర్గామినీ ఈగల్నీ, ఒకచోట చేర్చే ఆలోచన 1944 డిసెంబరులో నౌకాదళం చేసింది. వైస్ అడ్మిరల్ ఒజావా వెనకున్న ఆ పథకానికి పీఎక్స్ అని పేరు. జలాంతర్గాముల నుంచి లేచిన విమానాలు శాన్ డియెగో, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కోల మీద రోగం చల్లాలి. 1945 మార్చి 26కి పథకం ఖరారైంది. సైన్యాధిపతి జనరల్ ఉమెజు మాత్రం ఒప్పుకోలేదు. క్రిములతో యుద్ధం మొదలుపెడితే అది జపాన్, అమెరికాల మధ్య ఆగదని, మానవజాతికీ క్రిములకూ మధ్య అంతులేని పోరుగా మారుతుందని ఆయన వాదించాడు.

ఇక్కడ చాలామంది రచయితలు ఉమెజుకి దండం పెట్టి ముందుకు పోతారు. నాకు కాళ్లు కదలవు. 1939 నుంచి 1944 దాకా ఇదే ఉమెజు క్వాంటుంగ్ సైన్యానికి అధిపతి. పింగ్‌ఫాంగ్ విభాగం ఆయన కిందే నడిచింది. నింగ్బో మీద, చాంగ్‌డే మీద ఈగలు పడ్డ రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నది ఆయనే. మానవజాతి గురించిన బెంగ చైనా ఊళ్ల దగ్గర కలగలేదు, ఎదురుదెబ్బ కొట్టగల అమెరికా దగ్గరికొచ్చేసరికి కలిగింది. 1945 సెప్టెంబరు 2న మిస్సోరి యుద్ధనౌక మీద సైన్యం తరఫున లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిందీ ఆయనే.

ఇంకో చిక్కుముడి కూడా ఇక్కడే విప్పాలి. పీఎక్స్ గురించి మనకు తెలిసింది 1977లో, అందులో పాలుపంచుకున్న మాజీ కెప్టెన్ యోషియో ఎనో ఒక జపాన్ దినపత్రికతో మాట్లాడినప్పుడు. దీనికి వేరుగా, ‘రాత్రివేళ చెర్రీ పూలు’ అనే అందమైన పేరుతో ఒక పథకం ఉండేదని, దానికి 1945 సెప్టెంబరు 22 ముహూర్తమని, శాన్ డియెగో మీదికి ఆత్మాహుతి విమానాలు పంపాలనుకున్నారని యూనిట్ 731లో పనిచేసిన ఒకాయన తర్వాతెప్పుడో చెప్పాడు. ఒకటి మార్చిలోనే ఆగిపోయిన నౌకాదళ పథకం. రెండోది ఒక మనిషి జ్ఞాపకం. జనం ఈ రెంటినీ కలిపి ఒకే కథ చేసేశారు. చాలా థ్రిల్లర్లకు ముడిసరుకు ఆ కలగాపులగమే.

సరే, ఉమెజు ఒప్పుకున్నాడనుకుందాం. జలాంతర్గామి బయల్దేరిందనుకుందాం, దారిలో మునిగిందనుకుందాం. లోపలి ప్లేగు ఏమవుతుంది?

ఈగలు ముందు పోతాయి. వాటికి గాలి కావాలి, నెత్తురు కావాలి. జపాన్ నుంచి కాలిఫోర్నియాకి వారాల ప్రయాణం, వాటిని మేపడానికే ఎలుకల్ని వెంట తీసుకెళ్లాలి. (ఉక్కపోసే గొట్టంలో వంద మందికి పైగా నావికులు, వాళ్ల పక్కనే ప్లేగు ఎలుకల బోనులు. శత్రువు దాకా వెళ్లకముందే ఎవరు చచ్చేవాళ్లో ఆలోచించండి.) ఈగ చచ్చాక దాని పొట్టలోని బ్యాక్టీరియా గతీ అంతే. ప్లేగు బ్యాక్టీరియాకు గడ్డుకాలంలో గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే విద్య లేదు. ఒంటి వేడి, నెత్తురు, తిండి ఉన్నంతసేపే దాని ఆట. ఉప్పునీళ్లలో, ఇతర సూక్ష్మజీవుల మధ్య, దశాబ్దాల తరబడి అది ఎవరికోసమూ కాచుకు కూర్చోదు. బాంబు మూత బిగుతుగా ఉంటేనో అంటారా? 700 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి మన మీది గాలి ఒత్తిడికి డెబ్బై రెట్లు. పగలడం కోసమే చేసిన మట్టి గుల్ల దానికి ఎన్నాళ్లు ఆగుతుంది?

మశూచి వైరస్ ఇంకొంచెం మొండిది, కానీ దాని మొండితనం పొడిలో ఉంది, తడిలో కాదు. రోగి ఒంటి నుంచి రాలిన పెచ్చుల్ని మామూలు కవర్లలో ఉంచి చూస్తే, 13 ఏళ్ల తర్వాత కూడా వాటిలో వైరస్ సజీవంగా ఉందని 1960ల్లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. 2014 జులైలో అమెరికాలోని బెథెస్డాలో, ప్రభుత్వ ప్రయోగశాల చల్లని గదిలో, ఎవరూ పట్టించుకోని అట్టపెట్టె ఒకటి బయటపడింది. అందులో 1950ల నాటి మశూచి సీసాలు ఆరు. పరీక్షిస్తే రెండింటిలో వైరస్ బతికే ఉంది. లోకం నుంచి మశూచిని తుడిచిపెట్టామని ప్రకటించి అప్పటికి 34 ఏళ్లు. ఆ సీసాలు ఆయుధాలు కావు, పాత పరిశోధనల మిగులు. అవి ఇన్నాళ్లు నిలిచాయంటే పొడిగా, చల్లగా, గట్టి సీలు కింద ఉండబట్టే. సముద్రం వీటిలో చల్లదనం ఒక్కటే ఇవ్వగలదు.

నిజంగా దశాబ్దాలు ఆగగలిగేది ఆంత్రాక్స్. పశువుల డాక్టర్లు దొమ్మ అనే రోగం. దాని బ్యాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారి, ఎండకీ చలికీ జడవకుండా మట్టిలో పడుంటుంది. కాబట్టి థ్రిల్లర్ విలన్‌కి నా సలహా ఒకటే: సముద్రంలో కాదు, ఒడ్డున తవ్వుకో.

ఆ ఒడ్డు స్కాట్లండ్‌లో ఉంది. గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో 1942, 43ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు గొర్రెల్ని కట్టేసి ఆంత్రాక్స్ బాంబులు పేల్చారు. గొర్రెలు చచ్చాయి, ఆయుధం పనిచేస్తుందని తేలింది, దీవి మాత్రం పనికిరాకుండా పోయింది. మధ్యలో ఒక ముచ్చట. చచ్చిన గొర్రె ఒకటి తుపానుకి కొట్టుకుపోయి అసలు ఒడ్డుకు చేరింది, అక్కడి పశువులకు రోగం తగిలింది. నిజం చెప్పలేని ప్రభుత్వం ఆ నేరాన్ని అటుగా పోయిన ఒక గ్రీకు ఓడ మీదికి నెట్టి నష్టపరిహారం కట్టేసింది. ఇంత చక్కటి అబద్ధం ఏ కథకుడికి తట్టిందో నాకు తెలీదు. 1981లో కొందరు అజ్ఞాత నిరసనకారులు ఆ దీవి మట్టి తెచ్చి, ఆ ప్రయోగాలు చేసిన పోర్టన్ డౌన్ పరిశోధన కేంద్రం గుమ్మం దగ్గర పెట్టిపోయారు. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీటిలో కలిపి దీవి నేలను తడిపారు. దీవికి ఇక ప్రమాదం లేదని ప్రకటించింది 1990 ఏప్రిల్‌లో. యుద్ధకాలపు జీవాయుధం దాగి ఉండి మళ్లీ తలెత్తడమంటే ఇదీ. 48 ఏళ్లు అది దాగింది కూడా బహిరంగంగానే, ‘లోపలికి రావద్దు’ అనే బోర్డు కింద.

సముద్రం మీద జరిగిన అసలైన సాహసం కావాలంటే దానికి పదేళ్ల తర్వాతి కథ ఉంది. 1952 సెప్టెంబరు. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి దగ్గర బ్రిటిష్ నౌకాదళం తేలే బల్ల మీద కోతుల్నీ గినీ పందుల్నీ పెట్టి, గాలికి ఎగువ నుంచి ప్లేగు బ్యాక్టీరియా మబ్బు వదిలింది. అంతలో కారెల్లా అనే చేపల ట్రాలర్, హెచ్చరికల్ని లెక్కచెయ్యకుండా, నేరుగా ఆ మబ్బులోంచి దూసుకుపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? ఆపి మందులిస్తే రహస్యం బయటపడుతుంది. అందుకని ఆపలేదు. రెండు ఓడలు దూరంగా దాన్ని వెంబడిస్తూ, రేడియోలో ‘మాకు జబ్బుగా ఉంది, డాక్టర్‌ని పంపండి’ అన్న పిలుపు వస్తుందేమోనని 21 రోజులు చెవులు రిక్కించి కూర్చున్నాయి. పిలుపు రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. దీనికి సంబంధించిన కాగితాలు చాలావరకు కాల్చేశారు. తాము ప్లేగులోంచి పోయామన్న సంగతి ఆ నావికులకు దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 1971లో ఆరల్ సముద్రంలో లెవ్ బెర్గ్ అనే సోవియట్ పరిశోధన నౌక తిరుగుతోంది. అదే సముద్రంలోని వొజ్రొజ్దేనియా దీవి సోవియట్ జీవాయుధాల పరీక్షాస్థలం. ఆ ఓడలో పనిచేసే యువతికి మశూచి సోకింది. అరాల్స్క్ పట్టణంలో మొత్తం పదిమందికి రోగం వచ్చింది, ముగ్గురు చనిపోయారు. దీవి నుంచి వచ్చిన గాలే కారణమని చాలామంది పరిశోధకుల వాదన. విషయం బయటి ప్రపంచానికి చేరడానికి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది.

ఈ దీవికి తర్వాత పట్టిన గతి ఏ నవలలోనూ లేదు. 1988లో సోవియట్లు తమ దగ్గరున్న టన్నుల కొద్దీ ఆంత్రాక్స్‌ని తెచ్చి ఇక్కడే గోతుల్లో పాతారు, చుట్టూ నీళ్లున్నాయి కదా అన్న ధైర్యంతో. పత్తి పొలాలకు నదుల్ని మళ్లించినందువల్ల ఆ నీళ్లే ఎండిపోయాయి. 2001 నాటికి దీవి నేలతో కలిసిపోయింది, మనుషులూ జంతువులూ నడిచి వెళ్లేంతగా. 2002లో అమెరికా, ఉజ్బెకిస్తాన్ బృందాలు వెళ్లి ఆ గోతుల్ని తవ్వి బ్లీచ్‌తో శుద్ధి చెయ్యాల్సి వచ్చింది. కథల్లో ఆయుధం సముద్రంలోంచి పైకి తేలుతుంది. ఇక్కడ ఆయుధం ఎక్కడిదక్కడే ఉంది, సముద్రమే తప్పుకుంది.

అయితే సముద్రం ఏదీ దాచుకోదా? దాచుకుంటుంది. విషాన్ని. మస్టర్డ్ గ్యాస్‌కి పేరులోనే గ్యాస్ గానీ అది జిగట నూనె. 14 డిగ్రీల లోపు చల్లదనంలో గడ్డకడుతుంది. నీళ్లలో సరిగా కరగదు. ముద్ద పైపైన మాత్రం నీటితో చర్య జరిగి ఒక పొర కడుతుంది, ఆ పొర లోపలి విషాన్ని కాపాడుతుంది. యుద్ధం అయ్యాక బాల్టిక్ సముద్రంలో సుమారు 40,000 టన్నుల రసాయన ఆయుధాలు పారేశారు, ఎక్కువ భాగం డెన్మార్క్‌కి చెందిన బోర్న్‌హోల్మ్ దీవికి తూర్పున. బంకమట్టిలా కనిపించే ముద్దలు వలల్లో పడి జాలర్ల చేతులు బొబ్బలెక్కడం అక్కడ ఏళ్ల తరబడి జరిగింది. 1943 డిసెంబరు 2 రాత్రి ఇటలీలోని బారి రేవు మీద జర్మన్ విమానాలు దాడి చేసినప్పుడు జాన్ హార్వే అనే అమెరికా ఓడ పేలిపోయింది. అందులో 2,000 మస్టర్డ్ బాంబులున్న సంగతి పైవాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు. నూనె కలిసిన నీళ్లలో ఈదిన నావికులకు ఏ వైద్యం చెయ్యాలో డాక్టర్లకూ అంతుబట్టలేదు. 628 మంది విషం సోకి ఆసుపత్రి పాలయ్యారు, నెల తిరక్కుండా 83 మంది చనిపోయారు.

అంటే కథలో ప్లేగు బాంబు తీసేసి మస్టర్డ్ బాంబు పెడితే శాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ కథ చప్పబడుతుంది. విషం ముట్టుకున్నవాణ్ణే కాలుస్తుంది, ముట్టనివాడి జోలికి రాదు. రోగమైతే ఒకణ్ణించి పదిమందికి, పదిమందించి ఊరికి. విలన్‌కి లోకాన్ని బెదిరించే తాహతు ఇచ్చేది ఆ గుణకారమే. రచయితలకు ఈ సంగతి తెలియక కాదు, తెలిసే సముద్రం దగ్గర ఒక చిన్న అబద్ధం ఆడతారు. నేను క్షమించేస్తాను.

పింగ్‌ఫాంగ్ ఆయుధం మళ్లీ తలెత్తలేదా మరి? ఎత్తింది, అరవయ్యేళ్లు ఆగకుండా మరుసటి ఏడే. 1945 ఆగస్టులో సోవియట్ సైన్యం దూసుకొస్తుంటే యూనిట్ 731 వాళ్లు మిగిలిన ఖైదీల్ని చంపి, కట్టడాల్ని పేల్చి పారిపోయారు. రోగం అంటిన ఎలుకలు ఊళ్ల మీద పడ్డాయి. 1946లో చుట్టుపక్కల పల్లెల్లో ప్లేగు లేచింది.

రెండోసారి తలెత్తింది కాగితాల రూపంలో. అమెరికా జీవాయుధ కేంద్రం డెట్రిక్ నుంచి శాస్త్రవేత్తలు జపాన్ వెళ్లి ఇషీనీ అతని మనుషుల్నీ ప్రశ్నించారు. మనుషుల మీద ఇలాంటి ప్రయోగాలు తమ ప్రయోగశాలల్లో చెయ్యడానికి మనస్సాక్షి అడ్డొస్తుందని, ఈ సమాచారం కారుచౌకగా దొరికిందని 1947 డిసెంబరు నాటి నివేదికలో వాళ్లలో ఒకడైన ఎడ్విన్ హిల్ లెక్కగట్టాడు. బదులుగా వాళ్ల మీద కేసులు పెట్టలేదు. టోక్యోలో జరిగిన యుద్ధనేరాల విచారణలో ఈ ప్రస్తావన నిలబడలేదు. 1949 డిసెంబరులో సోవియట్లు ఖబరోవ్‌స్క్‌లో పన్నెండు మందిని విచారించి శిక్షలు వేస్తే, పశ్చిమ దేశాలు అదంతా ప్రచారమని కొట్టిపారేశాయి. ఇషీ 1959లో గొంతు క్యాన్సర్‌తో పోయాడు, ఒక్కరోజు కూడా బోను ఎక్కకుండా.

2002 ఆగస్టులో, చైనా బాధితుల కుటుంబాలు వేసిన దావాలో, జపాన్ సైన్యం చైనాలో జీవాయుధాలు వాడిన మాట వాస్తవమేనని టోక్యో జిల్లా కోర్టు మొదటిసారి ఒప్పుకుంది. పరిహారం మాత్రం ఇవ్వనంది. 2018లో జపాన్ జాతీయ పత్రభాండాగారం ఒక జాబితా బయటపెట్టింది. 1945 జనవరి 1 నాటి యూనిట్ 731 సిబ్బంది పేర్లు, 3,607. సర్జన్లు, ఇంజినీర్లు, నర్సులు, వెయ్యికి పైగా సైనిక వైద్య సహాయకులు. పేరు పక్కనే హోదా, ఇంటి చిరునామా.